మొసలి పేరు పెట్టిన కూర

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పడం నాకు చేతకాదు. మా పెరట్లో పిల్లి ఈనితే, వీధి చివరికి వెళ్ళేసరికి నా నోట్లో అది పులి అయిపోతుంది. మా ఆవిడ నా మాటల్లో ముప్పాతిక వంతు తీసేసి మిగిలింది వింటుంది. ఆ మిగిలిన దాని మీద కూడా ఆవిడకి అనుమానమే. కాబట్టి ఇందులో నేను ఊరంతా అన్నచోట నాలుగిళ్ళనీ, నిలువెత్తు అన్నచోట మోకాలెత్తనీ మీరే దిద్దుకోండి. ఒక్కచోట మాత్రం నేను పెంచలేదు, ఏకంగా పుట్టించాను. అదేదో చివర్లో ఒప్పుకుంటాను. అంతదాకా నమ్మండి, పోయేదేముంది.

మొన్న ఆదివారం పొద్దున్న మా అమ్మాయితో కలిసి సిడ్నీ శివారు ద పాండ్స్‌లో మా ఇంటి వెనక నీటిగుంటల చుట్టూ నడుస్తున్నాను. బాట పక్కన కొత్త బోర్డు పాతారు. బోర్డు మీద ఒక మొక్క బొమ్మ, ముందు నుంచీ పక్క నుంచీ తీసిన ఫోటోలు. పోలీస్ స్టేషన్ గోడ మీద కేడీల ఫోటోలు ఎలా పెడతారో అచ్చం అలాగే. కింద రాసింది: ఈ మొక్క కనిపించిందా? ముట్టుకోకండి. పీకకండి. వెంటనే మాకు ఫోన్ చెయ్యండి.

మొక్క పేరు అలిగేటర్ వీడ్ అట.

నాకు ఒళ్ళు మండింది. ఆ ఆకు నాకు తెలుసు. ఆ కణుపు తెలుసు. అది వెల్లుల్లితో వేగితే వచ్చే వాసన తెలుసు. అసలు ఈ దేశంలో అలిగేటర్ అన్నదే లేదు, ఉన్నవన్నీ మొసళ్ళు. లేని జంతువు పేరు అరువు తెచ్చుకుని మరీ ఒక ఆకుకూరకి పెట్టారంటే ఎంత కసి ఉండాలి? నేను బోర్డుని తిట్టడం మొదలుపెట్టాను. కుక్కల్ని నడిపిస్తున్న దొరసానులు బాట దిగి గడ్డిలోంచి చుట్టుతిరిగి పోయారు.

"డాడ్, వై ఆర్ యూ యెల్లింగ్ ఎట్ ఎ బోర్డ్?" అంది మా అమ్మాయి.

"ఇది బోర్డు కాదే. మా అమ్మమ్మ మీద పెట్టిన కేసు."

"ఇట్స్ జస్ట్ ఎ వీడ్, డాడ్."

ఆ జస్ట్ అన్న మాటకే ఇదంతా రాస్తున్నాను.

సంవత్సరంలోని అంకెలన్నీ ఒక్కసారి మారబోతున్నాయనీ, ఆ క్షణాన ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ బుర్ర తిరిగి పడిపోతాయనీ అందరూ భయపడుతున్న కాలం అది, నేను అప్పటికి బడిపిల్లాణ్ణి. ఆ భయమే మాకు తిండి పెట్టింది. పాత ప్రోగ్రాములు ముందేసుకుని, సంవత్సరానికి రెండంకెలున్న చోటల్లా నాలుగు చెయ్యడం మా నాన్న ఉద్యోగం. వరిచేలో కలుపు తీసినట్టే, కాకపోతే టై కట్టుకుని తియ్యాలి. బ్లాక్‌టౌన్ అవతల వాననీటి కాలవ పక్కన ఒక అద్దె ఇల్లు. ఇంటినిండా కార్పెట్. ఆ కార్పెట్‌లో మా కంటే ముందున్న కాపురాల మాంసం వాసన, మా ఇంగువ వాసన కలిసి మూడో వాసన ఒకటి పుట్టింది. అమ్మ తాలింపు వేసిందంటే సీలింగుకున్న పొగ అలారం కీచుమని అరిచేది. కుర్చీ ఎక్కి తువ్వాలుతో దానికి విసరడం నా డ్యూటీ. రెండు వీధుల అవతల కుక్కలు కూడా మా ఇంట్లో ఆవాలు చిటపటలాడే వేళకి మొరగడం అలవాటు చేసుకున్నాయి.

నాకు తమ్ముడు పుట్టే ముందు అమ్మమ్మ వచ్చింది. విమానం దిగగానే అవమానం. గోంగూర, తోటకూర, బచ్చలి, చుక్కకూర గింజలు విడివిడిగా మూటలు కట్టి కొంగున ముడేసుకుని తెచ్చింది. ఎయిర్‌పోర్టులో ఒకాయన చేతికి తొడుగులేసుకుని ఆ మూటలన్నీ చెత్తడబ్బాలో పడేశాడు. పాము గుడ్లు పట్టుకున్నట్టు పట్టుకున్నాడట.

ఇక ఇక్కడి తిండి ఆవిడకి సయించలేదు. అన్నం, పప్పు, మజ్జిగ ఉన్నాయి. కానీ ఆవిడ లెక్కలో పచ్చటి ఆకు లేని విస్తరి విస్తరి కాదు. షాపు పాలకూర వండి పెడితే, తడిపిన కాగితంలా ఉందంది. నాన్న బంతిలా ఉండే లెట్యూస్ తెచ్చాడు. దానికి పోపు పెట్టి చూసి, "ఇది ఆవుకి వేస్తే మొహం తిప్పుకుంటుంది" అని గిన్నె పక్కకి నెట్టేసింది. రోజురోజుకీ చిక్కిపోయింది. జాకెట్టు భుజాల మీంచి జారేది. ఒకరోజు భోజనాల దగ్గర నెమ్మదిగా, "అల్లుడుగారూ, నా టిక్కెట్టు ముందుకి మార్పించండి. ఇక్కడ నా ఒంటికి పడటం లేదు" అంది.

అమ్మ పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు గానీ నాకూ ప్రాణం పోయినట్టయింది. బళ్ళో నా యాస విని నవ్వడానికి తప్ప నాతో మాట్లాడేవాళ్ళు లేరు. ఇంట్లో అమ్మకి పసివాడు, నాన్నకి అంకెలు. పగలంతా నేను మూటగట్టుకున్న మాటలు విప్పుకోవడానికి ఆ ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే ఉంది. నా అబద్ధాలు అడ్డు చెప్పకుండా వినేది. పైగా కాలవలో మొసలిని చూశానంటే, "అంతేనా? ఇంకా పెద్ద మొసలనుకున్నానే" అని ఎగదోసేది. ఇప్పుడు నేనిలా తయారయ్యానంటే ఆ పాపంలో ఆవిడకీ వాటా ఉంది.

సాయంత్రాలు నన్ను బడి నుంచి తీసుకురావడానికి కాలవగట్టు మీద నడిచి వచ్చేది. టిక్కెట్టు మాట వచ్చిన ఆ వారంలోనే, ఒకరోజు తిరిగొస్తుంటే నీటి అంచున ఠక్కున ఆగిపోయింది. నా చెయ్యి వదిలేసి, చీర మోకాళ్ళ దాకా ఎగదోపి, లేడిపిల్లలా గట్టు దిగింది. నా కళ్ళముందే ఇరవయ్యేళ్ళు తగ్గిపోయింది. ఒక కొస తుంచి, నలిపి, వాసన చూసి, నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

"ఒరేయ్, నీ బడిసంచీ ఖాళీ చెయ్యి."

"పుస్తకాలున్నాయి అమ్మమ్మా."

"పుస్తకాలు చేత్తో పట్టుకో. పొన్నగంటి కూరరా ఇది."

"మన ఊళ్ళోది ఇంత లావుండదుగా? లోపల బోలుగా ఉంది చూడు."

"ఈ దేశంలో మనుషులు మాత్రం లావు లేరేంటి? పాలూ నీళ్ళూ బాగా దొరికి కూర కూడా ఒళ్ళు చేసింది."

నేను పుస్తకాలు చంకన పెట్టుకుని సంచీ తెరిచి పట్టుకున్నాను.

ఆ సాయంత్రం పెసరపప్పు వేసి, వెల్లుల్లి దంచి వేసి, ఎండుమిరపకాయల పోపుతో కూర దించింది. పొగ అలారం ఎప్పుడూ అరవనంత గట్టిగా అరిచింది. నాన్న ముద్ద కలిపి, నోటి దాకా తీసుకెళ్ళి ఆగాడు.

"అత్తయ్యగారూ, కాలవలోది తినొచ్చంటారా?"

"ఏలూరు కాలవ నీళ్ళు తాగే గదా మీరు ఇంజనీరు అయ్యారు? తినండి. పొన్నగంటి తింటే పోయిన కళ్ళు తిరిగొస్తాయంటారు. పగలంతా ఆ మిషను ముందు కూర్చుంటారు."

అమ్మమ్మ ఆ పూట మారు అన్నం పెట్టించుకుంది. మళ్ళీ పెట్టించుకుంది. టిక్కెట్టు ఊసు మళ్ళీ ఎత్తలేదు.

పెరట్లో కుళాయి కింద నాలుగు కొమ్మలు గుచ్చింది. అవి నాటుకున్నాయనడం తక్కువ మాట. పొద్దున్న పళ్ళు తోముకుంటూ చూస్తే కుళాయి దగ్గరుండేవి, బడి నుంచి వచ్చేసరికి బట్టలారేసే తీగ దగ్గరుండేవి. గడ్డి కోసే మిషన్ని చుట్టేసి మింగేశాయి. రోజూ కోసినా, కోసినచోట రెండు పుట్టేవి. నాన్న కారు వెనక్కి తీసేటప్పుడు చక్రాలకి చుట్టుకోలేదు కదా అని దిగి చూసుకునేవాడు.

శనివారాలు మా ఇంటికి భోజనానికి నాన్న ఆఫీసు బ్రహ్మచారులు వచ్చేవారు. అందరిదీ అదే అంకెల పని. ఒకే ఫ్లాటులో ఒకరి మీద ఒకరు పడుకునేవారు. కొత్త సంవత్సరం దగ్గరపడే కొద్దీ వాళ్ళకి భయం పట్టుకుంది. షాపులు మూసేస్తారట, కరెంటు ఉండదట, నీళ్ళ సీసాలూ డబ్బా చిక్కుళ్ళూ దొరకడం లేదట. తాము సరిచేసిన కంప్యూటర్ల మీద వాళ్ళకే అంత నమ్మకం.

"మీ మిషన్లు ఆగిపోతే ఆకుకూర ఆగుతుందా బాబూ? తలో కొమ్మ పట్టుకెళ్ళండి" అంది అమ్మమ్మ.

మొక్క అడిగినవాళ్ళకి లేదనకూడదని ఆవిడ పట్టింపు. అడగనివాళ్ళకి కూడా ఇచ్చేది. ఆ వేసవిలో సిడ్నీ పడమటి వైపు తెలుగువాళ్ళందరూ బియ్యం బస్తా ఒకటి, పొన్నగంటి మడి ఒకటి పెట్టుకుని ప్రళయం కోసం కాచుకుని కూర్చున్నారు. మసీదు పక్క వీధిలో మసాలా కొట్టు పెట్టుకున్న హైదరాబాదు చాచా కూడా వచ్చి, "అమ్మా, మా ఇంట్ల గోష్త్ కూరల ఏస్తం, జర మంచి కొమ్మలియ్యి" అని అడిగి పట్టుకెళ్ళాడు. బ్రహ్మచారుల ఫ్లాటుకి పెరడు లేదు. వాళ్ళు స్నానాలగదిలో టబ్బు నింపి అందులో వేశారు. అప్పట్నుంచి ఆ ఫ్లాటులో అందరూ ఒంటికాలి మీద కొంగల్లా నిలబడి చెంబుతో స్నానం చేసేవాళ్ళు.

కొత్త సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ పడిపోలేదు. ప్రపంచం ఆగలేదు. ఆగింది మా కూర ఒక్కటే.

ఎలాగంటే, అద్దె ఇంటిని మూడు నెలలకోసారి చూసిపోయే ఏజెంటమ్మ వచ్చింది. గోడకి మేకు కొడితే మొహం చిట్లించే మనిషి పెరట్లోకి వెళ్ళి మురిసిపోయింది. "లవ్లీ గ్రౌండ్ కవర్" అని, తన ఇంటికి కొంచెం కావాలంది. నేను తెలుగు చేసి చెప్పాను. అమ్మమ్మ మొహం చేటంత అయింది. ఈ దేశం మనిషి ఆవిడని నోరు తెరిచి ఒకటి అడగడం అదే మొదలు. తడి కాగితంలో చుట్టి, ఇంత కట్ట ఇచ్చింది. ఆ మహాతల్లి దాన్ని తిన్నగా మొక్కల నర్సరీకి పట్టుకెళ్ళి, దీని పేరేమిటని అడిగింది. నర్సరీవాడు ఫోన్ ఎత్తాడు.

తరవాతి వారం మా ఇంటిముందు తెల్ల ట్రక్కు ఆగింది. నారింజరంగు చొక్కాలు, మోకాళ్ళదాకా బూట్లు, వీపుకి డబ్బాలు. ఒక పొడుగాటాయన, ఒకావిడ. కలుపు పట్టుకునే శాఖవాళ్ళట. పెరటి చుట్టూ పసుపు టేపు కట్టారు. హత్య జరిగిన చోట కడతారే, అదే టేపు.

నాన్న ఆఫీసు నుంచి పరుగున వచ్చాడు. పర్మనెంటు వీసా కాగితాలు ఇంకా తేలలేదు. ఆకుకూర వల్ల దేశం నుంచి వెళ్ళగొడతారని ఆయన హడలు. "సర్, వియ్ డిడ్ నాట్ నో సర్. వియ్ ఆర్ వెజిటేరియన్స్ సర్" అని రెండు చేతులూ జోడించాడు.

"యూ ఈట్ దిస్?" అన్నాడు పొడుగాయన. మేమేదో వాళ్ళ ట్రక్కు వేయించుకుని తిన్నట్టు చూశాడు.

ఆవిడ మాత్రం నెమ్మదైన మనిషి. కంచె మూల, కొయ్యకుండా వదిలేసిన చోటికి నన్నూ అమ్మమ్మనీ తీసుకెళ్ళింది. అక్కడ పూలు పూశాయి. తెల్లగా, కాగితం ఉండల్లా, ఒక్కొక్కటీ పొడుగాటి కాడ మీద. మేం తినే కూరకి కాడ ఉండదట. పువ్వు కణుపు దగ్గర కొమ్మకి అంటుకునే పూస్తుందట. ఇది వేరే జాతి, చిన్న ముక్క నీళ్ళలో పడ్డా చాలు, నదులు మూసుకుపోతాయట. మీ తప్పేం లేదు, మీలాంటివాళ్ళు చాలామంది ఇలాగే పొరబడతారు అంది. అక్కడే నాకు మండింది. తిట్టినా బాగుండేది.

అప్పుడు అమ్మమ్మ లేచి నిలబడింది. కొంగు నడుముకి బిగించింది. నన్ను పక్కన నిలబెట్టుకుని, "ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో చెప్పు" అంది.

"నేను గోంగూర గింజలు తెస్తే దొంగసొత్తులా లాక్కున్నారు. సరే, మీ నేల, మీ ఇష్టం. నేను దీన్ని తేలేదు. మీ కాలవలో, మీ నీళ్ళలో పుట్టింది. నేనొచ్చేసరికే ఉంది. అది అక్కడ పెరిగినన్నాళ్ళూ మీ బూట్లకి ఆ దారి తెలీలేదు. ఒక ముసల్ది కడుపుకింత వండుకుంటే టేపు కట్టారు. ఈ గడ్డి మీ తాతలు ఓడలో తెచ్చింది కాదా? ఆ గులాబీ ఇక్కడ పుట్టిందా? దేశమంతా మేసేసిన ఆ కుందేళ్ళని మీవాళ్ళే తెచ్చి వదిలినప్పుడు ఎవరు ఫోన్ చేశారు? ఊరు కాని ఊళ్ళో వేరు పట్టుకుని బతకడమే నేరమైతే, ముందు మీ ట్రక్కులో మీరెక్కండి. తరవాత మా అల్లుణ్ణెక్కించండి. ఆ తరవాత నా కూర."

నేను ఒక్కో వాక్యమూ ఇంగ్లీషు చేశాను. పొడుగాయన టోపీ తీశాడు. పక్కింటి ముసలాయన కంచె మీంచి చప్పట్లు కొట్టాడు. కాలవలో బాతులు కూడా నిశ్శబ్దంగా ఉండిపోయాయి.

అయినా పీకేశారు. మట్టితో సహా తవ్వి నల్ల సంచుల్లో కట్టి ట్రక్కు నింపుకున్నారు. అంతటితో అయిందా? ఎవరెవరికి ఇచ్చారో అవి కూడా రావాలన్నారు. నాన్న అమ్మమ్మని కారు ముందుసీట్లో కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. వెనక ట్రక్కు. చేత్తో ఇచ్చినదాన్ని గుమ్మంలో నిలబడి తిరిగి అడగడం ఎలా ఉంటుందో ఆ బోర్డు రాసినవాళ్ళకి తెలుసా? మసాలా కొట్టు చాచా కుండీతో సహా తెచ్చిచ్చి, ఆవిడ చేతిలో ఏలకుల పొట్లం ఒకటి పెట్టాడు. బ్రహ్మచారులు మాత్రం ఎదురు తిరిగారు.

"మామ్మగారూ, టబ్బులో ఉండనివ్వండి. కర్టెన్ వేసేస్తాం. వీళ్ళు స్నానాలగది దాకా ఎందుకొస్తారు?"

"వద్దు బాబూ. ఇచ్చెయ్యండి."

ఇంటికొచ్చాక మళ్ళీ మజ్జిగన్నం, మళ్ళీ పక్కకి నెట్టిన కంచం. నాలుగో రోజో ఐదో రోజో, "టిక్కెట్టు సంగతి చూడండి అల్లుడుగారూ" అంది. ఈసారి నాన్న వాదించలేదు. ఫోన్ చేసి, సీటుందో లేదో కనుక్కున్నాడు. ఉందట. ఇలాంటప్పుడు మాత్రం సీట్లుంటాయి. నేను ఆ రోజు నుంచి ఆవిడ కొంగు వదల్లేదు.

ఆ టిక్కెట్టు ఖాయమయ్యే లోపల ఆ కలుపు శాఖావిడ ఒంటరిగా వచ్చింది. నారింజ చొక్కా లేదు. చేతిలో ఐస్‌క్రీమ్ డబ్బా. అందులో మట్టి, ఆ మట్టిలో జానెడు మొక్క. నన్ను పిలిచి చెప్పింది. ఇది ఈ నేలలోనే పుట్టిందట. మీ కూరకి చుట్టమట. తనకి తెలిసినవాళ్ళని అడిగి కనుక్కుందట, తినొచ్చట. దీన్ని ఎవరూ పీకరట.

అమ్మమ్మ డబ్బా అందుకోలేదు. "ముందు పువ్వు చూపించమను" అంది.

ఆవిడ వంగి, ఆకు పక్కకి తప్పించి చూపించింది. కణుపులో, కొమ్మకి అంటుకుని, నూకగింజంత తెల్ల పువ్వు. అమ్మమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని చూసింది. వేలితో తడిమి చూసింది. అప్పుడు అందుకుంది.

నాలుగు ఆకులొస్తే పప్పులో వేసింది. ఆ కూరకి చిరుచేదు. "పొన్నగంటికి పెదతల్లి కూతురు. కొంచెం కోపిష్టిది. పర్లేదు, దారికొస్తుంది" అని కంచం ఖాళీ చేసి, నాన్నవైపు తిరిగి, "పసివాడి అన్నప్రాసన అయ్యాక చూద్దాం లెండి టిక్కెట్టు" అంది. అన్నట్టే ఉండిపోయింది. వాడి నోట్లో మొదటి ముద్ద ఆవిడే పెట్టింది. వెళ్ళేటప్పుడు ఐస్‌క్రీమ్ డబ్బా నా చేతిలో పెట్టింది.

దాని సంతతే ఇప్పటికీ మా పెరట్లో కుండీలో ఉంది. చావదు, పెరగదు, ఎవరి నదినీ ముయ్యదు. మొన్న బోర్డు దగ్గర్నుంచి తిరిగొచ్చాక మా అమ్మాయికి చూపించాను. "సో దిస్ వన్స్ లీగల్?" అంది. ఆ ప్రశ్నకి ఇంకో అరగంట అరిచాను.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. టబ్బు సంగతి అబద్ధమని మీరనుకుంటున్నారు. కాదు, నిజం. బాత్‌టబ్బులో కొంగల్లా స్నానాలు చేసినవాళ్ళలో ఒకరిద్దరు ఇప్పుడు రౌస్ హిల్‌లో పెద్ద ఇళ్ళలో ఉన్నారు, అడగొచ్చు. మిషన్ని మింగడం, లేడిపిల్లలా దూకడం, అవన్నీ పెంచినవే గానీ పుట్టించినవి కావు.

పుట్టించింది ఆ ఉపన్యాసం. కుందేళ్ళ సంగతి అమ్మమ్మకెలా తెలుసని మీలో కొందరికి అక్కడే అనుమానం వచ్చి ఉంటుంది. నాకు బళ్ళో చెప్పారు. ఓడలూ గులాబీలూ తరవాత ఒక్కొక్కటిగా నేనే చేర్చుకుంటూ వచ్చాను. ఆ కోపం నాది. ఆవిడకి ఆరోజు కోపమే రాలేదు. ఎవరూ టోపీ తియ్యలేదు. ముసలాయన చప్పట్లు కొట్టలేదు.

ఆవిడ ఆ కాడ ఉన్న పువ్వుని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తరవాత చీర కుచ్చిళ్ళు ఎగదోపి గొంతుక్కూర్చుని, వాళ్ళతో పాటు తానూ పీకడం మొదలుపెట్టింది. వేరు తెగకుండా, ఒక్కో కణుపూ తడుముకుంటూ. నేను పక్కనే నిలబడ్డాను. తల ఎత్తకుండా నాతో అంది.

"పువ్వు పూసేదాకా ఆగాల్సిందిరా. ఆకలేసింది."

ఆ కలుపు శాఖావిడ, ఏమంటోంది మీ గ్రాండ్‌మా, అని అడిగింది. నేను ఇంగ్లీషు చెయ్యలేదు.